ఎగిరేదాకా

"ఫోటోలో పురుగును ఫ్రీజ్ చెయ్యాల. ఫ్రిజ్‌లో పెట్టి చేస్తే ఎట్లమ్మా?" అన్నాడు దొరస్వామి. తన మాటకు తనే ముందు నవ్వుకుని, తర్వాత మిగతావాళ్ళకు వంతు ఇచ్చాడు.

మిగతావాళ్ళంటే ఇద్దరే. అంగడి యజమాని పురుషోత్తం, ఫోటో తీసిన జహీరా. పురుషోత్తం నవ్వాడు. జహీరా నవ్వలేదు.

మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు ఎదురుగా ఉన్న పురుగుమందుల అంగడి అది. ధర ఎక్కిన రోజు కొనేవాడు, దిగిన రోజు అమ్మేవాడు, రోజుకొకరు మదనపడే పల్లె కాబట్టి ఊరికి ఆ పేరు సరిగ్గా కుదిరింది. బిల్లులు కొట్టే కంప్యూటర్ తెర మీద ఇప్పుడు బిల్లు లేదు, తూనీగ ఉంది. గడ్డిపరకను ఆరు కాళ్ళతో కౌగిలించుకుని, కళ్ళ మీద, రెక్కల మీద, తోక చివర దాకా మంచుబొట్లు గుచ్చుకుని, పీటల మీద పెళ్ళికూతురిలా కదలకుండా కూర్చుంది.

ఆదివారం కుప్పంలో 'రెక్కలు' గుంపు మొదటి ప్రదర్శన. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊర్లలో పిట్టల్నీ పురుగుల్నీ దగ్గర్నుంచి ఫోటోలు తీసే పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరి పెట్టుకున్న గుంపు. దొరస్వామి దానికి అధ్యక్షుడు. కుప్పంలో గ్రానైటు వ్యాపారం. చెయ్యంత పొడుగు లెన్సుతో పిట్టల్ని తీస్తాడు. పిట్ట బయటికి రాకపోతే ఫోన్‌లో దాని జోడీ కూత పెట్టి పిలుస్తాడు. అది గుంపు నియమాల్లో తప్పు కాదు, నియమాలు రాసింది ఆయనే. పురుగును ముట్టకూడదు, పట్టకూడదు, ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తెచ్చి పూవు మీద కూర్చోబెట్టకూడదు అని మాత్రం గట్టిగా రాశాడు. ఆయన పురుగుల్ని తీయడు.

"మా ఫ్రిజ్‌లో దోసెల పిండికే చోటు లేదు సార్" అంది జహీరా. పుంగనూరులో ఉర్దూ బడి టీచరు. బడి వదలగానే బస్సెక్కి వచ్చింది, చేతి అంచుకు చాక్‌పీసు పొడి అట్లే ఉంది. "మా ఇంటి వెనక కాలువ గట్టు మీద తీసినాను. తెల్లవారుజామున చలికి అవి అట్లనే ఉంటాయి."

"మాట కుదిరింది గానీ ఫోటో కుదరలేదమ్మా. మన పురుగోత్తం చెప్పనీ."

పురుషోత్తానికి గుంపు పెట్టిన పేరు అది. ఊరికే పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, అందరి దగ్గరా పారిపోయే తేనెటీగ ఆయన లెన్సు ముందు మాత్రం బుద్ధిగా కూర్చుంటుంది. బెత్తెడు దూరం దాకా పోయినా కదలదు. పురుగుమందులమ్మే లైసెన్సు గోడ మీద వేలాడుతూ ఉంటే, పురుగులే ఆయన లెన్సుకు లైసెన్సు ఇచ్చాయని దొరస్వామి ప్రతి మీటింగులో అంటాడు. ప్రదర్శనలో వాకిలికి ఎదురుగా పెట్టే పెద్ద ఫోటో ఆయనదే. టమోటా పూవు మీద నీలిచారల తేనెటీగ, సన్నటి నాలుక బారుగా చాపి. పేరు 'తేనె రుచి'. పురుగు భయపడకుండా దాని దగ్గరికి పోవడం ఎట్లాగో ఆదివారం ఆయనే నాలుగు మాటలు చెప్పాలి.

పురుషోత్తం తెర దగ్గరికి వంగాడు. మౌసు మీద కుడిచేతి వేళ్ళు పెట్టాడు. పెట్టినట్టు చూసి తెలుసుకున్నాడు. కొన్నాళ్ళుగా ఆ వేళ్ళ కొసల్లో ఏమీ తెలియడం లేదు. షుగరేమో అని పరీక్ష చేయించాడు, లేదన్నారు. కెమెరా మీట సగం నొక్కినప్పుడు వేలికి తెలియదు, ఫోకస్ కుదిరి 'కీ' అని చప్పుడైతే చెవికి తెలుస్తుంది. చెవితో ఫోటోలు తీసేవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆయనే జోకు వేసుకున్నాడు. వేసుకున్నాక ఆ సంగతి మరిచిపోయాడు.

"బతికుండే పురుగు ఇంత కదలకుండా ఉండదమ్మా" అన్నాడు.

"మీ దగ్గర ఉంటాయి కదన్నా?"

"నా సంగతి వేరు."

గర్వంగా అనలేదు. చెప్పుల సైజు చెప్పినట్టు చెప్పాడు. ఆ మాటతో తీర్పు అయిపోయింది. తూనీగ ప్రదర్శనలో ఉండదు, జహీరా గుంపులో ఉండదు. దొరస్వామి తేలికపడి కారు తాళం వేలికి తిప్పుకున్నాడు.

"దొంగ ఫోటో అని గుంపులో రాస్తారా సార్?" అంది జహీరా. "ఆ ఫోటో మా పిల్లలకు చూపించినాను. ఒక్కొక్క బొట్టులో సూర్యుడుంటాడు చూడండి అని చెప్పినాను. ఇప్పుడు మా టీచరు ఫ్రిజ్‌లో పెట్టిందంట అనుకుంటారు. వాళ్ళకు ఏం చెప్పల్ల నేను?"

దొరస్వామి కారు వైపు చూశాడు. ఆమె పురుషోత్తం వైపు తిరిగింది. "ఒక్క పొద్దు వచ్చి చూడండన్నా. చూసినాక ఏమన్నా అనండి."

వద్దనడానికి కారణం దొరక్క ఊ అన్నాడు. ఈ మధ్య ఆయన చాలా పనులు అట్లే చేస్తున్నాడు.

మర్నాడు పుంగనూరులో ఆయన దిగేసరికి మంచు ఇంకా వీధి లైట్ల చుట్టూ దూదిలా చుట్టుకుని ఉంది. జహీరా స్వెట్టరు మీద స్కార్ఫు కట్టుకుని, చేతిలో యూరియా గోతం పట్టుకుని ఎదురొచ్చింది. ఆమె భర్త ఇమాముద్దీన్ టైలరు. ఫ్లాస్కులో టీ పట్టుకుని వెనకాలే నిద్రముఖంతో నడిచాడు.

"నన్ను మాత్రం పొద్దున్నే తన్ని లేపుతుంది సార్. పురుగుల్నైతే లేవకుండా చూసుకుంటుంది" అన్నాడు.

కాలువ గట్టు మీద మోకాలెత్తు గడ్డి. జహీరా గోతం పరిచి బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకుతూ ముందుకు పోయింది. గడ్డి కదిలితే మంచు రాలుతుందని ఒక్కొక్క పరకనూ పక్కకు తప్పించలేదు, తనే తప్పుకుంటూ పోయింది. తర్వాత వేలు పైకెత్తి చూపించింది.

తూనీగ. అట్లాంటిదే. పరకను కరచుకుని, నిలువెల్లా మంచు తొడుక్కుని ఉంది. దాని పక్క పరక మీద ఇంకొకటి. వెతికేకొద్దీ గట్టంతా అవే.

పురుషోత్తం కెమెరాకు క్లోజప్ లెన్సు బిగించి, పక్కన పడుకుని, వంగి చూశాడు. పొట్ట మాత్రం చాలా నిదానంగా, ఊపిరి ఉందా లేదా అన్నంత నిదానంగా, లోపలికి పోయి బయటికి వస్తోంది. కెమెరా 'కీ' అంది. నొక్కాడు. తెర మీద చూసుకున్నాడు. బాగా వచ్చింది. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"యాడికన్నా? ఇంకా అయిపోలేదే."

"ఫోటో వచ్చింది కదమ్మా."

"ఎగిరేదాకా ఉండల్ల కదా."

"యాలమ్మా, ఇంకేం పని?"

జహీరా ఆయన్ని వింతగా చూసింది. తరగతిలో తెలివైన పిల్లవాడు తేలిక లెక్క తప్పు చెప్తే చూసినట్టు. "మనం ఇంత దగ్గరికి వచ్చినాం కదా. దానికి ఏం కాలేదని తెలిసేది ఎగిరినప్పుడే కదన్నా. మీరు ఉండరా?"

పురుషోత్తం ఆలోచించాడు. ఉండడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ లేడు. తీస్తాడు, చూసుకుంటాడు, ఇంకో పూవు దగ్గరికి పోతాడు. లేచిపోయేది ఎప్పుడూ తనే. పురుగు ఎప్పుడూ అక్కడే ఉండేది.

మళ్ళీ కూర్చున్నాడు. ఇమాముద్దీన్ టీ పోశాడు. గ్లాసు వేడిగా ఉందని పెదవికి తగిలాక తెలిసింది.

పొద్దు గట్టు మీదికి వచ్చింది. ముందు పరక కొస మెరిసింది, తర్వాత తూనీగ కళ్ళు మెరిశాయి. బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసి కిందికి జారాయి. తూనీగ ముందుకాలుతో కన్ను తుడుచుకుంది. అప్పుడు రెక్కలు వణికాయి. ఎగరడానికి కాదు, చలి కాచుకోవడానికి, ఉన్నచోటనే వణికాయి. ఆ వణుకుకు మిగిలిన మంచంతా తుంపరలా చెదిరిపోయింది. ఒక్క క్షణం ఆగింది. పరక ఊగింది. పరక మీద ఏమీ లేదు.

"పోయింది" అంది జహీరా, తనే విమానం ఎక్కించి పంపినట్టు.

ఎండ కాస్త ఎక్కాక పురుషోత్తం తన పని మొదలుపెట్టాడు. తుమ్మపూల మీద తేనెటీగ ఉంది. అలవాటుగా దగ్గరికి పోయాడు. ఎగిరిపోయింది. సీతాకోకచిలుక దగ్గరికి పోయాడు. నీడ పడకముందే లేచిపోయింది. కందిరీగ ఎగిరింది, ఈగ ఎగిరింది, ఆఖరికి ఎగరలేని మిడత పిల్ల కూడా దూకి ఆకు వెనక్కి పోయి అక్కడ్నుంచి మీసాలు మాత్రం చూపించింది.

"ఈరోజు నా చెయ్యి బాలేదు" అన్నాడు.

"చెయ్యి బాగుండాది సార్, వాటి ఆరోగ్యం బాగుండాది" అన్నాడు ఇమాముద్దీన్, ఫ్లాస్కు మూత బిగిస్తూ. హాస్యానికే అన్నాడు. పురుషోత్తం కూడా హాస్యంగానే నవ్వాడు.

బస్సులో కూర్చుని దొరస్వామికి ఫోన్ చేశాడు. "ఆ టీచరమ్మ చెప్పింది నిజమేనప్పా. చలికి అట్లనే ఉండాయి."

"ఈ పొద్దు ఉండాయి. ఆ పొద్దు నువ్వుండావా? బ్యానర్లు కూడా వేసేసినాం. తూనీగ సంగతి తూచ్, వదిలెయ్యి" అన్నాడు దొరస్వామి.

వదిలేశాడు. కిటికీ పక్క చింతచెట్లు వెనక్కి పోతున్నాయి. తప్పు జరుగుతోందని తెలుసు. తెలిసినచోట ఏదైనా అనిపిస్తుందేమోనని కొంచెంసేపు ఎదురుచూశాడు. ఏమీ అనిపించలేదు. వేళ్ళను ప్యాంటుకు రుద్దుకున్నాడు.

శనివారం వాల్మీకిపురం దారిలో, తన దగ్గర మందు కొన్న ఆదెప్ప టమోటా తోటకు పోయాడు. పోవడం వ్యాపారంలో భాగమే. మందు అమ్మినాక ఒకటి రెండు రోజుల్లో తోటకు పోయి, పని చేసిందా లేదా ఆకు తిప్పి చూస్తే రైతుకు నమ్మకం. ఆ పోయే పోకలోనే కెమెరా కూడా పోతుంది. ఆయన మంచి ఫోటోలన్నీ ఇట్లా వచ్చినవే.

మధ్యాహ్నం ఎండ. కట్టెలకు కట్టిన టమోటా చెట్లు పసుపుపూలు తలకిందులుగా వేలాడదీసుకుని ఉన్నాయి. మొదటి సాలులోనే నీలిచారల తేనెటీగ. పూవును దవడలతో పట్టుకుని వేలాడుతోంది. పురుషోత్తం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బెత్తెడు దూరం దాకా పోయాడు. కదల్లేదు. ఆయన ఒంట్లోకి నెమ్మది వచ్చింది. చెయ్యి బాగానే ఉంది. 'కీ'. నొక్కాడు. పొడుగ్గా చాపిన నాలుకతో సహా ముచ్చటగా వచ్చింది.

లేవబోయి, లేవలేదు. ఎగిరేదాకా ఉండల్ల కదా.

ఉన్నాడు. చెమట కనుబొమల్లోంచి కారి కంట్లో పడింది. తేనెటీగ పొట్ట వంక చూశాడు. ఆడుతోంది, ఆడటం కూడా కాదు, మధ్యమధ్యలో ఎగిసిపడుతోంది. వెనకకాలు ఒకటి గాల్లో గీత గీసి ముడుచుకుంది. రెక్కలు వణికాయి. చలి కాచుకునే వణుకు కాదు. ఎండ మాడ్చేస్తోంది. కాచుకోవడానికి చలి ఏదీ?

దవడలు వదిలాయి. అది పూవు మీద నుంచి ఆకు మీదికి, ఆకు మీద నుంచి మట్టిలోకి పడింది. వెల్లకిలా. నాలుక బయటే ఉంది.

పురుషోత్తం దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని వేళ్ళ కొసల మీద పెట్టుకున్నాడు. కాళ్ళు ఆడటం కనబడుతోంది. తగలడం లేదు. కాసేపటికి ఆడటం కూడా కనబడలేదు.

పక్క సాలులో ఆకు మీద పొడల పురుగు ఉంది. పోయి పక్కన కూర్చున్నాడు. ఆ పక్కన తెల్ల సీతాకోకచిలుక, రెక్కలు సగం తెరుచుకుని. వేలితో ఆకును కదిపాడు. ఆకుతోబాటు అది కూడా కదిలింది, అంతే.

"ఏమన్నా, అట్ల కూసోనుండావు?" ఆదెప్ప గట్టు మీద నుంచి కేకేశాడు. పైపంచె తలకు చుట్టుకుని వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నీ మందు బలే పని చేసిందిలే. పొద్దున్నే కొట్టినా. సూడు, ఒక్కటి లెయ్యలే."

"పూత మీద కొట్టినావా?"

"పూత మీదనే కదా పురుగుండేది. యాడ కొట్టల్ల మరి?"

పురుషోత్తం చేతిలోని తేనెటీగను చూపించాడు. "ఇది పంటను తినేది కాదు ఆదెప్పా. కాయ పట్టించేది."

"అట్లనా?" ఆదెప్ప ముందుకు వంగి చూశాడు. "నువ్వు దీన్నే కదా ఫోటో తీస్తావు ఎప్పుడూ? నేనేమనుకుంటి, మందు కొట్టినాక ఎట్ల సచ్చినాయో కంపెనీకి సూపించేదానికి తీస్తాండాడు మా అన్న, అనుకుంటి." ఎవరి మీదా నింద లేకుండా నవ్వాడు. "లేకుంటే మందు కొట్టిన వెంటనే యాల వస్తావు?"

పురుషోత్తం నోట జోకు రాలేదు. వచ్చే చోటు ఖాళీగా ఉంది. తేనెటీగను మట్టిలో పెట్టాడు. మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇకమీద పూతలో కొట్టాల్సి వస్తే పొద్దు గూకినాక కొట్టు. అప్పటికి ఇవి ఇంటికి పోయుంటాయి."

"ఆ మాట ముందే చెప్పుంటే బాగుండు కదన్నా" అన్నాడు ఆదెప్ప. సీసా మూత ఎట్లా తిప్పాలో అడిగినంత మామూలుగా అన్నాడు.

అంగడికి వచ్చి కంప్యూటర్లో పాత ఫోటోలు తెరిచాడు. నాలుక చాపిన తేనెటీగ. ఇంకొకటి, నాలుక చాపి. కాళ్ళు ముడుచుకున్న సీతాకోకచిలుకకు 'ధ్యానం' అని పేరు పెట్టాడు. ఒకవైపుకు వాలిన కందిరీగకు 'కునుకు'. పేర్లన్నీ ఆయన పెట్టినవే, మంచి పేర్లు. గిరాకీ వచ్చింది. మందు అడిగితే తీసి ఇచ్చాడు. పొద్దు గూకినాక కొట్టమని చెప్పాడు. ఇంకో గిరాకీకీ చెప్పాడు. తర్వాత జహీరాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ ఫోటో ఫ్రేము కట్టించింది ఉండాదా?"

"ఉందన్నా. మంచం కింద పెట్టేసినా."

"రేపు కుప్పం తీసుకురా."

కుప్పంలో ప్రదర్శన దొరస్వామి గ్రానైటు షోరూములోనే. నిలువెత్తు పలకలు వరసగా నిలబెట్టి, ఒక్కొక్క పలకకు పైనుంచి తీగ వేలాడదీసి, ఒక్కొక్క ఫోటో తగిలించారు. నున్నటి నల్లరాయి మీద 'తేనె రుచి' వాకిలికి ఎదురుగా మెరుస్తోంది. రాయి కింద పేరు, ఊరు చెక్కినట్టు అట్టముక్క అతికించారు. మామూలుగా అట్లాంటి రాయి మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ కూడా ఉంటాయని పురుషోత్తానికి తోచింది. జోకే. నవ్వు మాత్రం రాలేదు.

జనం బాగానే వచ్చారు. రైలుకు టైముందని వచ్చినవాళ్ళు, రాయి బేరానికి వచ్చి పిట్టల్ని చూస్తున్నవాళ్ళు. జహీరా, ఇమాముద్దీన్ వాకిలి పక్కనే నిలబడ్డారు. ఇమాముద్దీన్ చంకలో గుడ్డ సంచి, సంచిలో ఫ్రేము. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

దొరస్వామి మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన పురుగోత్తం మాట్లాడతాడు. ఈయన్ను చూస్తే పురుగు కూడా పోజు కొడుతుంది. ఆ రహస్యం ఏందో చెప్పప్పా!"

పురుషోత్తం మైకు పట్టుకున్నాడు. పట్టు తెలియక రెండో చెయ్యి కూడా వేశాడు.

"రహస్యమేమీ లేదు. ఆ తేనెటీగ తేనె తాగడంలేదు. విషం తగిలితే నాలుక అట్ల బయటికొస్తుంది. నేనమ్మిన మందే. నేను పోయేసరికి అది సచ్చిపోతాండాది. నాకు తెలీలే. నా దగ్గర పురుగులు కదలవంటే, కదల్లేక."

 షోరూమంతా ఘొల్లుమంది. చప్పట్లు కొట్టారు. "మందు షాపాయన పంచ్ చూడు!" అని ఎవరో అన్నారు. దొరస్వామి కళ్ళు తుడుచుకుంటూ భుజం తట్టాడు. "పురుగోత్తం అంటే పురుగోత్తమే. జోకులో కూడా విషం కలుపుతాడు."

వాళ్ళు నవ్వడం ఆపేదాకా పురుషోత్తం నిలబడ్డాడు. జేబులోంచి తేనెటీగను తీసి చూపించాలనుకున్నాడు. తీశాడు. ఎండిపోయి రెక్క ఒకటి ఊడింది. ఎవరికీ కనిపించేంత పెద్దది కాదు.

మళ్ళీ జేబులో వేసుకుని, మైకు బల్ల మీద పెట్టి, నల్లరాయి దగ్గరికి పోయాడు. తీగకున్న కొక్కెం వేళ్ళతో తియ్యబోతే రాలేదు, ఎక్కడుందో వేళ్ళకు అందలేదు. పళ్ళు బిగించి కళ్ళతో చూస్తూ తీశాడు. 'తేనె రుచి' ని రాయి వెనక, గోడ వైపుకు తిప్పి పెట్టాడు. వాకిలి దగ్గరికి పోయి ఇమాముద్దీన్ చంకలోంచి సంచి తీసుకున్నాడు.

"ఏం చేస్తాండావప్పా?" దొరస్వామి గొంతులో నవ్వు సగమే మిగిలింది. "అంత మంచి ఫోటో తీసేస్తావా? బతికినట్టే ఉండాది కదా అది!"

"అవునప్పా. ఇదేమో సచ్చినట్టుండాది." తూనీగను కొక్కేనికి తగిలించాడు. "ఇది బతికుండాది."

"గుంపు తీర్మానం..."

"తీర్మానం నా మాట మీద చేసినారు. నా మాట నేను వాపసు తీసుకున్నా. తీసేస్తే నువ్వే తీసెయ్యి, ఇంతమంది ముందర."

దొరస్వామి జనం వైపు చూశాడు. చూసి, మైకు తీసుకుని, టీ, బిస్కెట్లు బయట ఉన్నాయని ప్రకటించాడు.

జహీరా లోపలికి వచ్చింది. తన ఫోటోను కాదు, రాయి వెనక గోడవైపు తిరిగి ఉన్న ఫ్రేమునే చూసింది. "నిజంగానా అన్నా?" అంది మెల్లగా.

"నిన్న ఎగిరేదాకా ఉన్నానమ్మా" అన్నాడు.

 ఆమె స్కార్ఫు కొసతో తూనీగ ఫ్రేము అద్దం మీద దుమ్ము తుడిచింది.

పురుషోత్తం టీకి పోలేదు. తూనీగ పక్కనే నిలబడ్డాడు. దాని కింద అట్టముక్క ఇంకా ఆయన పేరుతోనే ఉంది. పీకితే సగం చిరిగింది. మిగిలిన సగాన్ని చెయ్యి అడ్డం పెట్టి దాచాడు. జనం వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. ఒక పెద్దావిడ కూరగాయల సంచి కింద పెట్టి ముక్కు అద్దానికి ఆనించినంత దగ్గరగా వంగింది.

"ఏమప్పా, ఇది సచ్చిపోయిందా?"

"లేదమ్మా. చలికి కూసోనుండాది."

"కదల్లేదే?"

"ఎండ తగిలితే కదులుతుంది. ముందు కన్ను తుడుచుకుంటుంది. తర్వాత రెక్కలు ఇట్ల వణుకుతాయి." చూపించడానికి అట్టముక్క మీద నుంచి కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు చాపాడు. వణికించాల్సిన పని లేకపోయింది. అవే వణుకుతున్నాయి. ఆయన వాటి వంక చూసుకున్నాడు.

"ఆ తర్వాత?" అంది పెద్దావిడ.

"ఎగిరిపోతుంది."

"నువ్వు సూసినావా?"

"దీన్ని కాదు, దీని పక్కింటిదాన్ని" అన్నాడు పురుషోత్తం. "ఎగిరిందమ్మా. నేను ఆడనే ఉన్నా."